‘హైట్’కు ‘ఎత్తు’ ఒక్కటే అర్థమా?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే రచనల్లో దోషాలు కఠిన పదాల దగ్గర కంటే, అందరికీ తెలుసుననుకునే చిన్న మాటల దగ్గరే ఎక్కువగా దొర్లుతాయనడానికి ‘హైట్’ మంచి ఉదాహరణ. ‘హై’ అనే విశేషణానికి ప్రత్యయం చేరి ప్రాచీన ఇంగ్లీషులోనే ఏర్పడిన ఈ నామవాచకానికి, లెంగ్త్, విడ్త్, డెప్త్ మాటల చివర నేటికీ వినిపించే ధ్వనే ఒకప్పుడు ఉండేది; 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’లో మిల్టన్ ఆ పాత రూపాన్నే వాడాడు.

అడుగు నుంచి పై కొస వరకు ఉండే నిలువు కొలత దీని మొదటి అర్థం. ఒక ఆధారం నుంచి పైకి ఎంత దూరమన్నది రెండో అర్థం కాగా, విమానయాన పరిభాష ఇక్కడ మూడు మాటలను వేరుచేస్తుంది. నేల వంటి నిర్దిష్ట ఆధారం నుంచి కొలిస్తే ‘హైట్’, సగటు సముద్రమట్టం నుంచి కొలిస్తే ‘ఆల్టిట్యూడ్’, భూతలంపై స్థిరంగా ఉన్న చోటును సముద్రమట్టం నుంచి కొలిస్తే ‘ఎలివేషన్’. 2,000 అడుగుల ఎలివేషన్ ఉన్న విమానాశ్రయం మీద 5,000 అడుగుల ఆల్టిట్యూడ్‌లో ఎగిరే విమానానికి, ఆ నేల నుంచి హైట్ 3,000 అడుగులే. మూడింటినీ ‘ఎత్తు’ అని రాసి ఊరుకుంటే పాఠకుడికి లెక్క తప్పుతుంది. ఎవరెస్టుకు 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన 8,848.86 మీటర్లు కూడా సముద్రమట్టం నుంచి లెక్కించినవే తప్ప పర్వతపాదం నుంచి కావు.

బహువచనంలో ఈ మాట మెరక ప్రాంతాన్ని సూచిస్తుంది. ‘గోలన్ హైట్స్’ అలా వచ్చిన పేరే. ఇక లాక్షణిక ప్రయోగాల్లో కొలత మాయమై, ఒక స్థితి తారస్థాయికి చేరడమే అర్థంగా మిగులుతుంది. ‘హైట్ ఆఫ్ సమ్మర్’ తెలుగులో నడివేసవి, ‘హైట్ ఆఫ్ ఫాలీ’ మూర్ఖత్వానికి పరాకాష్ఠ. ‘వేసవి ఎత్తు’ అంటే తెలుగువారికి ఏమీ బోధపడదు. అటు తెలుగు ‘ఎత్తు’కూ తన పరిధి తనకుంది: చదరంగంలో వేసే ఎత్తు, శత్రువు పన్నిన ఎత్తు ‘హైట్’లో ఇమడవు.

ఒక మాటకు ఎదురుగా ఒకే మాట పెట్టే నిఘంటువు అనువాదకుడికి సగం దారే చూపుతుంది. నిఘంటుకర్తలు ప్రతి అర్థానికీ ప్రయోగవాక్యం జతచేయాలి. శాస్త్రవిషయాలు రాసేవారు ఎత్తు చెప్పిన ప్రతిచోటా అది ఎక్కడి నుంచి కొలిచినదో కూడా తప్పక చెప్పాలి.