గరివిడి పిల్లల గుబులు

2025 మొదట్లో విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులు తరగతులు మాని నిరసనకు దిగారు. కళాశాలకు వీసీఐ, అంటే భారత పశువైద్య మండలి గుర్తింపు తెప్పించాలన్నది వాళ్ల ప్రధాన డిమాండు. 1984 నాటి చట్టం ప్రకారం గుర్తింపు లేని పట్టాకు రిజిస్ట్రేషన్ దొరకదు. రిజిస్ట్రేషన్ లేనిదే ప్రాక్టీసూ లేదు, సర్కారు కొలువూ లేదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివాక చేతికొచ్చే కాగితం చెల్లుతుందో లేదోనన్న బెంగతో ఆ పిల్లలు నిద్రకు దూరమయ్యారంటే తప్పెవరిది?

విద్యార్థుల మానసిక ఆరోగ్యం అనగానే మనవాళ్లు ఒక యోగా తరగతి, ఒక వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం పెట్టి చేతులు దులుపుకుంటారు. గరివిడి గుబులుకు మందు అది కాదు. బోధకుల ఖాళీలు నింపడం, వసతులు కల్పించడం, గుర్తింపు సాధించడం. ఇవి ప్రభుత్వమూ, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ చేయవలసిన పనులు.

గుర్తింపు ఉన్నచోటా ఈ చదువు తేలిక కాదు. నీట్ రాసి ఎంబీబీఎస్ సీటు తృటిలో తప్పినవాళ్లు చాలామంది ఇటు వస్తారు. పండక్కి ఇంటికెళితే చుట్టాల మొదటి ప్రశ్న: ‘డాక్టరు సీటు రాలేదా?’ ఇక చదవాల్సింది ఒక్క దేహం గురించి కాదు. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, కోడి, కుక్క, గుర్రం, దేని నిర్మాణం దానిదే.

ఫీల్డుకెళ్లాక పరీక్ష మరో రకం. గేదె కడుపులో దూడ అడ్డం తిరిగింది. భుజం దాకా చెయ్యి పెట్టి కాళ్లు వెతుకుతుంటే, పక్కనే రైతు ‘బతుకుతాదా బాబూ?’ అని అడుగుతుంటాడు. ఆ గేదె పాలమీదే ఆ ఇల్లు నడుస్తోంది. దూడ దక్కకపోతే, ఆ సాయంత్రం హాస్టలు గదిలో కుర్రాడు ఎవరితో చెప్పుకోవాలి? పాఠంలో ప్రసవం ఎలా చేయించాలో ఉంటుంది, రైతు కళ్లలోకి ఎలా చూడాలో ఉండదు.

ఈ బరువు మన దగ్గరే కాదు. అమెరికాలో 1979 నుంచి 2015 దాకా పశువైద్యుల మరణాలను పరిశీలిస్తే, ఆత్మహత్యలు సాధారణ జనం కంటే మగవారిలో రెండు రెట్లు, ఆడవారిలో మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అక్కడి పరిస్థితులు వేరు. అయినా ముందే మేలుకోవడానికి ఆ హెచ్చరిక చాలు.

మేలుకోమని సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖలో నీట్‌కు చదువుకుంటున్న ఒక బాలిక మరణం మీద నడిచిన కేసులో 2025 జులై 25న తీర్పిస్తూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో మనస్తత్వ నిపుణుడినో నియమించాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా రాయమంది.

కాబట్టి విశ్వవిద్యాలయ పాలకులకు విన్నపం. కౌన్సెలర్ పేరు, కలిసే వేళలు ప్రతి క్యాంపస్ నోటీసు బోర్డు మీద ఉండాలి. గుర్తింపు రాని చోట, ఆ దస్త్రం ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా విద్యార్థులకు చెప్పాలి. విద్యార్థులకూ ఒక మాట: మనసు బాగాలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.