మత్తు డాక్టరు అవుతానని మనోళ్ళు ఎందుకు అనరు?

సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల తండాల్లో, యానాది, ఎరుకల కాలనీల్లో బైపీసీ చదివే పిల్లల్ని ఏమవుతారంటే డాక్టరంటారు, నర్సంటారు. ఇంకొంచెం తెలిసినోళ్ళు గుండె డాక్టరంటారు. మత్తు డాక్టరు అవుతానని మాత్రం మేము ఇంతవరకు ఎవరి నోటా వినలేదు. బోర్డు మీద సర్జన్ పేరుంటుంది, దండం పెట్టేదీ సర్జన్‌కే. మత్తిచ్చినాయన ఎవరో పేషెంటుకే తెలీదు.

కానీ కాన్పు కష్టమై కడుపు కోయాల్సి వస్తే సర్జన్ ఒక్కరుంటే చాలదు. వెన్నులో సూది వేసి, బీపీ పడిపోకుండా, ఊపిరి ఆగకుండా చూసే మనిషి పక్కనుండాలి. ఆ మనిషి లేని రోజు థియేటరుకు తాళమే. తిరుపతికి రాసేస్తారు. దారిలో పోయే ఆ గంటలు ఎవరి ప్రాణానివి? ఎక్కువగా మన ఆడబిడ్డలవే అని మా అభిప్రాయం. ఈ కొరత ఎంత ఉందంటే, మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లకే కాన్పు ఆపరేషన్లకు సరిపడా మత్తు నేర్పడానికి కేంద్రం ఒక శిక్షణ పెట్టాల్సి వచ్చింది. మొదట్లో అది 18 వారాలు.

భాష సంగతి ఇంకా ముఖ్యం. మత్తుకు ముందు అడిగే మొదటి ప్రశ్న, ఎప్పుడు తిన్నావని. గట్టి తిండి అయితే కనీసం 6 గంటలు, మంచినీళ్ళయితే 2 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన అవ్వను అడిగి చూడండి, ఏమీ తినలేదంటుంది. గంజి తాగింటుంది, అది ఆమె లెక్కలో తిండి కాదు. గోర్ బోలిలో నిదానంగా అడిగే డాక్టరుంటే ఆ గంజి బయటపడుతుంది. నాటుమందు తాగిన సంగతీ, సారా సంగతీ అట్లే. సికిల్ సెల్ ఉన్న గిరిజనుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆపరేషన్లో చలి తగిలినా, నీరు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా ముప్పే.

ఇది మన గడ్డకు కొత్త విద్య కూడా కాదు. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరుగా పేరున్న రూపాబాయి ఫర్దూన్జీ 1880ల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లోనే చదివింది. ఎడ్వర్డ్ లారీ దగ్గర క్లోరోఫామ్ ఇవ్వడం నేర్చుకుంది. ఆడపిల్లలు బడికి పోవడమే వింతగా ఉన్న కాలమది.

దారి పొడుగే, దాచిపెట్టం. నీట్, నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్ళీ పీజీ నీట్, ఆపైన ఎండీ మూడేళ్ళు. రాష్ట్ర కోటాలో ఎస్టీలకు 6 శాతం, ఆలిండియా కోటాలో 7.5 శాతం సీట్లున్నాయి. పీజీలోనూ రిజర్వేషన్ ఉంది, ఎంబీబీఎస్‌తోనే ఆగిపోయే మనోళ్ళకు ఇది గట్టిగా చెప్పాలి. రాత్రి పిలుపులుంటాయి, పండగ రోజు కూడా ఉంటాయి. చేతిలో ప్రాణం పెట్టుకుని కూర్చునే పని, అందరికీ పడదు. నీట్ రాలేదని ఇంట్లో కూర్చున్నోళ్ళకు బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ ఉంది. టెక్నీషియన్ అంటే డాక్టరు కాదు, మత్తు తనంతట తాను ఇవ్వకూడదు. అయినా మిషన్ సిద్ధం చేసేది ఆయనే, థియేటర్లో ఆయన లేకపోతే పని సాగదు.

ఇంకో మాట. మదనపల్లె ప్రభుత్వ మెడికల్ కాలేజీని పీపీపీ పద్ధతిలో ఇవ్వాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దానిమీద పార్టీల గొడవ పార్టీలది. మనం అడగాల్సింది ఒక్కటే: అందులో కన్వీనర్ సీట్లెన్ని, వాటిలో ఎస్టీ వాటా ఎంత, పీజీలో మత్తు విభాగం ఎప్పుడు మొదలవుతుంది? కుప్పంలో ఉన్నది ప్రైవేటు కాలేజీ. ఫీజు కట్టగలిగేది మనలో ఎందరో అందరికీ తెలుసు.

ఈ ఏడాది నీట్ రాస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కులం, ఆదాయం, స్థానికత సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే టైముండదు. ఇప్పటికే మత్తు విభాగంలో చదువుతున్న మనోళ్ళు ఎక్కడున్నా గ్రూపులో చెప్పండి, పిల్లలు నేరుగా మిమ్మల్నే అడుగుతారు.