గుండె లేనోడు మనకు దిక్కా?

కరువొచ్చినా, కొట్లాటొచ్చినా, రోగమొచ్చినా మన పల్లెల్లో ఒక మాట పుడుతుంది. "మంచోళ్ళతో పని గాదప్పా. జాలీ దయా లేని మొండోడు ఒకడుండాల." ఆత్మకూరు చుట్టూ ఉండే పేటల్లో డిగ్రీలు చదివిన మన పిల్లోళ్ళు కూడా ఇదే అంటున్నారు. మనవాళ్ళ మీద దాడి జరిగినప్పుడు ఈ మాట ఇంకా గట్టిగా వినబడుతుంది. అందుకే దీన్ని విడమరిచి చూడాలని మేము అనుకుంటున్నాం.

జాలి లేకపోవడం, చేసినదానికి పశ్చాత్తాపం లేకపోవడం, భయం ఎరగకపోవడం, తియ్యగా మాట్లాడి ముంచడం. ఈ గుణాలన్నీ కలిసిన మనిషిని మనస్తత్వ శాస్త్రం సైకోపాత్ అంటుంది. అమెరికాలో క్లెక్లీ అనే డాక్టరు 1941లోనే వీళ్ళ మీద పుస్తకం రాశాడు. కెనడాకు చెందిన హేర్ ఈ గుణాలను కొలిచే పట్టిక తయారుచేశాడు. ఇంగ్లండులో కెవిన్ డటన్ అనే ఆయన 2012లో ఇంకో అడుగు ముందుకేసి, ఈ గుణాలు కొంత పాళ్ళలో ఉంటే సైనికుడికి, ఆపరేషన్ చేసే డాక్టరుకు పనికొస్తాయని వాదించాడు.

ఈ వాదంలో కొంత నిజముంది. ఆపదలో చెయ్యి వణకకూడదు, తల తిరక్కూడదు. కానీ భయాన్ని అణుచుకోవడం వేరు, జాలిని చంపుకోవడం వేరు. ఈ రెంటినీ ఒకే మూట కట్టి మనకు అంటగడుతున్నారు. మోసమంతా ఆ మూటలోనే ఉంది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఏం జరిగింది? ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే వచ్చాయి. కన్నబిడ్డలే శవం దగ్గరికి రావడానికి జంకిన ఆ రోజుల్లో వీధులు ఊడ్చిందెవరు? శవాలు మోసిందెవరు? చాలాచోట్ల మన మాల మాదిగ పారిశుద్ధ్య కార్మికులే గదా! వాళ్ళకు భయం లేకనా? ఇంట్లో పిల్లలున్నారు, ముసలోళ్ళున్నారు, భయం నిండా ఉంది. అయినా పని చేసినారు. దాన్ని ధైర్యం అంటారు. గుండె లేనితనం అనరు.

ఇక జాలి లేనోళ్ళు ఆపదలో ఏం చేసినారో కూడా చూద్దాం. 1876-78 ధాత కరువులో తెల్లదొరల ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపింది. ఖర్చు తగ్గించమని ఆయనకు చెప్పింది. పొద్దుగూకులూ రాళ్ళు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద చిల్లర డబ్బు చాలునని ఆయన 1877లో తేల్చినాడు. ఈ తిండితో మనిషి బతకడని కార్నిష్ అనే డాక్టరు మొత్తుకున్నాడు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దగ్గర దగ్గర నాలుగో వంతు జనం తగ్గిపోయినారు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఈ టెంపులే 1874 బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినాడు. డబ్బు తగలేసినావని పైవాళ్ళు ఆయన్నే తిట్టినారు. మూడేండ్ల తర్వాత మన దగ్గరికి గుండె ఇంటికాడ పెట్టి వచ్చినాడు! అంటే ఆ కరుకుదనం పుట్టుకతో వచ్చింది గాదు. పై ఏలుబడి మెచ్చుకున్న గుణం అది.

1981లో శ్రీశైలం రిజర్వాయరు కోసం వంద దాకా పల్లెలను బలవంతంగా ఖాళీ చేయించినారు. లక్ష మంది దాకా నిలువనీడ పోగొట్టుకున్నారు. ఇండ్లు కూలగొట్టమని రాసినవాళ్ళు ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళు. వాళ్ళల్లో పిచ్చోళ్ళు ఎవరున్నారు?

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపినోళ్ళు, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపినోళ్ళు మాత్రం పిచ్చోళ్ళా? మన పక్కనే వేంపెంటలో 1998లో దళితులను చంపినోళ్ళు పిచ్చోళ్ళా? వాళ్ళు తమ బిడ్డకు ముల్లు గుచ్చుకుంటే విలవిలలాడేవాళ్ళే. మన బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ జాలి ఏమైపోతాది? కులం దాన్ని పొలిమేరలోనే ఆపేస్తాది. నూటికో వెయ్యికో ఒకడికుండే గుణాన్ని ఊరంతటికీ నేర్పే బడి కులం. కాబట్టి "వాడు సైకో" అని ఒక్కడి మీదికి నెట్టేస్తే కులం తప్పించుకుంటాది. జబ్బుతో బాధపడే అమాయకులకు చెడ్డపేరు వస్తాది.

"సరే సార్, మనకూ అట్లాంటోడు ఒకడుంటే దెబ్బకు దెబ్బ తీస్తాడు గదా" అంటారు పిల్లోళ్ళు. రాయలసీమ ఫ్యాక్షన్ చూసి కూడా ఈ మాట ఎట్లా అంటారు నాయనా? మిద్దె మీద కూర్చున్న నాయకుడు గట్టోడే. నాటుబాంబు మోసింది, జైలుకు పోయింది, చచ్చింది ఎవరు? మన పిల్లోడు, బోయ పిల్లోడు. జాలి లేనోడికి శత్రువు మీద లేని జాలి మన మీద మాత్రం ఎక్కడ నుంచి వస్తాది?

బాబాసాహెబు 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్ళు తాగినాక మనవాళ్ళ మీద కర్రలతో పడినారు. తిరగబడతామని కుర్రోళ్ళు ఉడికిపోతున్నారు. బాబాసాహెబు వాళ్ళను ఆపినాడు. అది పిరికితనమా? అదే ఏడాది డిసెంబరు 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించినాడు. నెత్తి చల్లగా, గుండె వెచ్చగా ఉన్న మనిషికే అది సాధ్యం. లక్ష మందిని చంపిన కళింగ యుద్ధానికి దుఃఖపడి అశోకుడు రాయించిన రాళ్ళు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనే ఉన్నాయి. పశ్చాత్తాపపడటం చేతగానితనం అనేవాళ్ళు పోయి చూసి రావాల.

అందుకే పేటపేటకూ మేము చెప్పేది ఇది. ఆపదొచ్చినప్పుడు మొండోడి కోసం ఎదురుచూడొద్దు, కమిటీ కట్టుకోండి. అందులో సగం ఆడోళ్ళుండాల. కేసుకు పోయేదీ, రాజీకి పోయేదీ అందరి ముందరా తేలాల. వసూలైన డబ్బు లెక్క అందరికీ చదివి వినిపించాల. నాయకుణ్ణి ఎంచుకునేటప్పుడు "వాడు ఎంతమందిని భయపెట్టగలడు?" అని అడగొద్దు. "మనలో బలహీనుడు వాడి ముందర నోరు తెరవగలడా?" అని అడగండి.

గుండె లేనోళ్ళ చేతుల్లో వేల ఏండ్లు నలిగినోళ్ళం మనం. వాళ్ళ గుణాన్ని అప్పు తెచ్చుకుని బాగుపడలేం.

జై భీమ్!