పాలమూరు మనిషి పోస్టరు కాదు!

తెలంగాణల కవులే లేరన్నోళ్లకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మందిని చూపెట్టిండు. నోర్లు మూతపడ్డయి. మరి మన కథల పాలమూరు మనిషి ఏడి అని ఎవరన్న అడిగితే ఏం చూపెడుదాం?

సినిమా సంగతి తెలిసిందే. మన యాసను ఏండ్లకేండ్లు రౌడీకో, పనోనికో, జోకర్‌కో అంటగట్టింది. ఉద్యమంల దాని మీద మేం పేజీలకు పేజీలు రాసినం. రాసుడు తప్పు కాదు. కని వాళ్లు నవ్వులాటకు వాడుకున్న మనిషిని మేం ఏడ్పుకు వాడుకున్నం. అక్కడా మనిషి లేడు, ఇక్కడా లేడు.

కొల్లాపూర్ సంగతే చూడుండ్రి. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల 1981ల మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల సుమారు 100 ఊర్లు మునిగినయి. కూడలి సంగమేశ్వరుని గుడిని రాయికి రాయి విప్పి అలంపూర్‌ల నిలబెట్టిండ్రు. మనుషులను గంత పైలంగ ఎవరు నిలబెట్టిండ్రు? 1986ల 98 నంబరు జీవో వచ్చింది. ఇంటికో కొలువన్నరు. దాని కోసం ముంపు బిడ్డలు ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టు తిరిగిండ్రు.

మేం గూడ ఓ కథ రాసినం. ముంపు ఊరి ముసలాయన, చేతిల కాయితాలు, కండ్లల్ల నీళ్లు, ఆఖరికి చావు. మస్తు మెచ్చుకున్నరు. దాన్నే కొల్లాపూర్‌ల ఓ ముంపు బాధితునికి చదివి వినిపిచ్చినం. ఆయన ఓపిగ్గ విని అన్నడు: "గాయన ఏడ్సుడు తప్ప ఇంకేం జెయ్యడా బిడ్డా? పరిహారం పైసలొచ్చిన్నాడు నేను తమ్మునికి తెల్వకుంట కొన్ని దాసిపెట్టిన. గది గూడ రాయి."

మేం రాయలేదు. భయపడ్డం. బాధితుడు తమ్ముణ్ని మోసం చేసిండని రాస్తే సర్కారుకు సాకు దొరుకుతదనుకున్నం. ఎంత తప్పు! మంచోడైతేనే పరిహారం ఇస్తమని ఏ చట్టంల ఉన్నది? భూమి పోయినోనికి హక్కు ఉన్నది, అంతే. అది గుణం చూసి ఇచ్చే ఇనాం కాదు. లోపం లేని బాధితున్నే చూపెడుతమని మొండికేస్తే, లోపమున్నోనికి హక్కు లేదని మనమే ఒప్పుకున్నట్టు.

వట్టికోట ఆళ్వారుస్వామి జైలుకు పోయిండు. అక్కడి ఖైదీల మీద 'జైలు లోపల' కథలు రాసిండు. నేరం చేసినోని లోపట గూడ మనిషిని వెతికిండు. మనం ఏ నేరం చెయ్యని మనోని లోపటికి తొంగిచూసుటానికి జంకుతున్నం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఉద్యమానికి నష్టమన్న సాకు ఇగ చెల్లదు. వలసకూలీకి ఆకలి ఉంటది, అసూయ ఉంటది, సరసం ఉంటది, పగ గూడ ఉంటది. అవన్నీ రాయాలె. ఆ పెద్దమనిషి దాసిపెట్టిన పైసల కథ మేం ఇంకా బాకీ ఉన్నం. ముందుగాల ఆ బాకీ తీరుస్తం. మీ బాకీలు మీరు లెక్క చూసుకోండ్రి.