ఏ కోర్టులో తేలాలో కంపెనీయే చెబుతుందా?

కోర్టుకు పోతే న్యాయం జరుగుతుందంటారు. ఏ కోర్టుకు, ఎంత దూరానికి అన్నది మాత్రం చెప్పరు. 19వ శతాబ్దపు అమెరికా రైలు కంపెనీలకు ఈ కిటుకు బాగా తెలుసు.

అక్కడ రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. పొరుగు రాష్ట్రం వాడి మీద దావా పడితే, స్థానికులు పక్షపాతం చూపుతారేమోనని, కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకునే వీలు 1789 చట్టం ఇచ్చింది. దావా మొత్తం 500 డాలర్లు దాటితే చాలు. 1844లో సుప్రీంకోర్టు, కంపెనీని కూడా అది రిజిస్టరైన రాష్ట్రపు పౌరుడిగానే లెక్కించాలంది. ఇంకేముంది! అయోవాలో పట్టాలు పరిచి, అయోవా రైతు ధాన్యం మోసి, అయోవా కూలీ చెయ్యి పోగొట్టిన కంపెనీ, దావా పడగానే "మాది ఇల్లినాయిస్, మేం పరాయివాళ్లం" అనేది.

కేసు ఊరి దగ్గరి కోర్టు నుంచి దూరపు నగరానికి పోయేది. సాక్షుల దారి ఖర్చులు, కొత్త వకీలు, వాయిదా మీద వాయిదా. చెయ్యి పోయి, కూలి లేక కూర్చున్నవాడు ఎన్నాళ్లు ఆగగలడు? ఇచ్చినంత పుచ్చుకుని రాజీపడేవాడు. కంపెనీకి కావలసిందీ అదే.

దూరంతోనే అయిపోలేదు. కోర్టు మారితే న్యాయసూత్రమూ మారేది. పై ఉద్యోగి తప్పు వల్ల కింది ఉద్యోగికి దెబ్బ తగిలితే కంపెనీదే బాధ్యతని ఒహాయో కోర్టులు చెప్పేవి. ఆ రాష్ట్రంలోనే గాయపడిన ఒక ఫైర్‌మన్ కేసులో, 1893లో, సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని పక్కన పెట్టింది. తప్పు చేసిన ఇంజన్ డ్రైవరూ అతని "తోటి ఉద్యోగే"నంటూ, బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీ మీద వచ్చిన తీర్పును కొట్టేసింది. జస్టిస్ ఫీల్డ్ ఒప్పుకోలేదు, కానీ మెజారిటీ మాటే చెల్లింది.

1887లో ఆ పరిమితిని 2,000 డాలర్లకు పెంచారు. దాంతో అంతకు ఎన్నో రెట్లు నష్టపోయినవాళ్లు 1,999 డాలర్లకే దావా వేయడం మొదలుపెట్టారు. దగ్గరి కోర్టు కోసం కట్టిన కప్పం కాదా ఇది? కేసులు మార్పించుకోబోమని ఒప్పుకుంటేనే బయటి కంపెనీలకు అనుమతి అంటూ అయోవా 1886లో చట్టం చేస్తే, సుప్రీంకోర్టు మరుసటి ఏడే చెల్లదంది. చివరికి 1910లో, అంతర్రాష్ట్ర రైల్వే కార్మికుల పరిహారం కేసులను రాష్ట్ర కోర్టుల నుంచి మార్చరాదని అమెరికా కాంగ్రెస్ శాసనం చేసింది.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకంటారా? 2020 సాగు చట్టాలు చేసిందేమిటి? వ్యాపారితో తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోరాదు, ఆర్డీవో దగ్గరే తేల్చుకోవాలన్నాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చుంటే గానీ ఆ చట్టాలు రద్దు కాలేదు. అంతకుముందు, నాసిరకం విత్తనాలపై మన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరానికి వెళితే, ఆర్బిట్రేషన్‌కు పోవాలని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వాదించింది. 2012లో మన సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, ఫోరం తలుపు రైతుకు తెరిచే ఉందని చెప్పింది.

విత్తనోత్పత్తి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు చివరి పేజీ చదివించుకోండి. తగాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే అని రాసి ఉంటే కాగితం సంఘానికి తీసుకురండి. ఆ వాక్యం కొట్టేయమని అందరం కలిసి అడుగుదాం.