సీఆర్పీని తరగతి గదిలోకి పంపండి

బడికి క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) వచ్చారంటే హెడ్మాస్టరు ముందుగా బయటికి తీసేది రిజిస్టర్లనే. బడుల సమాచారం సేకరించే యూడైస్ వివరాలు, ఆధార్‌తో సరిపోలని పేర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకుని, ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించేసరికే పూట గడిచిపోతుంది. మూడో తరగతి పిల్లలు తీసివేత దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో చూసే తీరిక ఉండదు. అసలు ఆ పోస్టు పెట్టిందే అందుకు.

చుట్టుపక్కల బడులు ఒకదానికొకటి ఆసరా కావాలని 1964-66 నాటి కొఠారి కమిషనే స్కూల్ కాంప్లెక్సులను సిఫారసు చేసింది. నేడు సమగ్ర శిక్ష కింద ఆ కాంప్లెక్సుల్లో పనిచేయడానికి తెలంగాణలో సీఆర్పీలు, ఆంధ్రప్రదేశ్‌లో క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లు (సీఆర్‌ఎంటీలు) ఉన్నారు. వ్యవస్థకు లోటు లేదు, దానితో చేయిస్తున్న పనే తప్పు.

టీచరుకు సాయపడటం హోదాతో నడిపించే పని కాదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరమ్మ దగ్గరికి కాంట్రాక్టు జీతం మీద ఉన్న యువకుడు వెళ్లి ‘మేడమ్, ఇలా చెప్పాలి’ అంటే ఎందుకు వింటారు? అతను సుద్దముక్క అందుకుని, ఆ పిల్లలకే, ఆ పాఠమే చెప్పి చూపాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పై వారం మళ్లీ రావాలి. అదే మనిషి సాయంత్రానికి ఎవరు ఆలస్యంగా వచ్చారో మండల విద్యాధికారికి (ఎంఈఓ) చేరవేస్తాడని తెలిస్తే ఆ టీచరు తన ఇబ్బంది నోరు విప్పి చెప్పరు. సాయానికీ తనిఖీకీ ఒకే మనిషిని వాడటం ఈ వ్యవస్థకు చేస్తున్న అన్నిటికన్నా పెద్ద చేటు.

మరి లెక్కలెవరు పంపాలని అధికారులు అడగవచ్చు. మండల కేంద్రాల్లో ఎంఐఎస్ కోఆర్డినేటర్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఉన్నది ఆ పనికే. టీచరు లేని బడికి సీఆర్పీని సర్దడమూ ఆపాలి, ఆ ఖాళీ డీఎస్సీ నియామకంతోనే నిండాలి.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలన్న నిపుణ్ భారత్ లక్ష్యానికి గడువు 2026-27. ఆ భారం మోయాల్సిన సీఆర్పీలే రెగ్యులరైజేషన్ కోసం 2024 డిసెంబరులో తెలంగాణలో సమ్మెకు దిగారు. రేపటి ఉద్యోగానికి భరోసా లేనివారిని పక్కవారికి ధైర్యం చెప్పమనడం అన్యాయం.

రెండు ప్రభుత్వాలూ బడులు తెరిచేలోగా ఉత్తర్వులివ్వాలి: వారంలో నాలుగు రోజులు తరగతి గదిలోనే పని, వారి పరిశీలనలు టీచర్లపై చర్యలకు వాడకూడదన్న హామీ, కనీస పేస్కేలు.