భాషా దీపిక: పదిహేనా, యాభయ్యా?

కంట్రోల్ రూముకు ఫోనులో ‘ఫిఫ్టీన్’ అని చెబితే అవతలివారు ‘ఫిఫ్టీ’ అని రాసుకోవడం మనలో చాలామందికి అనుభవమే. యంత్రం దగ్గర అది చిన్న పొరపాటు కాదు.

తెలుగులో హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. ఏ అక్షరాన్ని నొక్కి పలికినా పదం అదే. ఇంగ్లీషులో అలా కాదు. ‘ఫిఫ్టీ’లో మొదటి భాగాన్నీ, విడిగా పలికే ‘ఫిఫ్టీన్’లో చివరి భాగాన్నీ నొక్కి పలకాలి. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక మొదట, క్రియ అయితే చివర.

శిక్షణ తరగతుల్లో సమయమంతా వ్యాకరణానికే సరిపోతుంది. కనుక ఉచ్చారణను తరగతి వెలుపల అభ్యసించవలసిందే. భోజన విరామంలో పది నిమిషాలు చాలు. ఇద్దరు ఒకరి ముఖం మరొకరికి కనబడకుండా కూర్చోవాలి. ఒకరు ‘థర్టీన్, థర్టీ, నైన్‌టీ, నైన్‌టీన్’ వంటి సంఖ్యలను కలగలిపి చదవాలి. రెండవవారు విన్నది అంకెల్లో రాయాలి. ఆపై సరిచూసుకోవాలి. ఎక్కడ తప్పిందో అక్కడే ఆనాటి పాఠం.

దొరల యాస మన లక్ష్యం కాదు. విమానాల రేడియో సంభాషణలో ఆంగ్లేయులు సైతం తొమ్మిదిని ‘నైనర్’ అనాలన్నదే అంతర్జాతీయ నియమం. అక్కడ అందానికంటే స్పష్టతే ముఖ్యం. మనమూ ముఖ్యమైన రీడింగు చెప్పేటప్పుడు ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్’ అని విడదీసి మరొకసారి చెబుదాం. విన్నవారు తిరిగి చెప్పేదాకా ఫోను పెట్టవద్దు.